నడివయసులో విమాన విద్య: ప్రైవేటు పైలట్ ముమ్మర శిక్షణకు ప్రణాళిక

పది పదిహేనేళ్లు ఒక వృత్తిలో గడిపి, అందులో స్థిరపడిన తరువాత మరో వృత్తిలోకి మారాలనుకునేవారు తెలుగు కుటుంబాలలో ఇప్పుడు అరుదు కాదు. చదువు కోసమో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసమో అమెరికా వెళ్లి అక్కడే కాపురాలు పెట్టుకున్నవారిలో, చిన్ననాడు మనసులో పడిన కోరికను ముప్పై అయిదో ఏటనో నలభయ్యో ఏటనో మళ్లీ పైకి తీసి, విమానం నడపడాన్నే జీవనోపాధిగా చేసుకోవచ్చునా అని ఆలోచించేవారు కనిపిస్తారు. ఆ దారిలో మొదటి మెట్టు ప్రైవేటు పైలట్ లైసెన్సు. వారాంతాల తీరికలో ఏడాదో రెండేళ్లో సాగే ఈ చదువును, తక్కిన వ్యాపకాలన్నీ పక్కనపెట్టి కొన్ని వారాలలో ఏకబిగిన పూర్తిచేసే పద్ధతిని ముమ్మర శిక్షణ అనవచ్చు. ఈ పద్ధతిని ఎంచుకునేవారు తొలి పాఠానికి ముందే ఏయే విషయాలు తేల్చుకోవాలో, ఏ క్రమంలో తేల్చుకోవాలో వివరించడం ఈ ప్రసంగం ఉద్దేశం. విమానంలో గడపవలసిన గంటలను ఎవరూ కుదించలేరు; ఆ గంటల మధ్య వృథాగా పోయే నిరీక్షణను మాత్రం తగ్గించవచ్చు. ముమ్మర శిక్షణకు వేసే ప్రణాళిక అంతా ఈ ఒక్క సూత్రం మీదనే నిలుస్తుంది.

ముందుగా ఈ లైసెన్సు ఏమి ఇస్తుందో, ఏమి ఇవ్వదో స్పష్టంగా తెలియాలి. అమెరికాలో పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఎఫ్ఏఏ, పదిహేడేళ్లు నిండినవారికి ఈ లైసెన్సు ఇస్తుంది. ఇది చేతికి వచ్చినవారు తమవారినీ మిత్రులనూ ఎక్కించుకొని విమానం నడపవచ్చు గాని, అందుకు ప్రతిఫలం పుచ్చుకోరాదు. ఇంధనం, విమానాశ్రయ రుసుము, విమానం అద్దె వంటి ఖర్చులను ప్రయాణికులతో పంచుకున్నా తన వంతు తాను భరించి తీరాలి. కనుక ప్రైవేటు లైసెన్సుతో ఉద్యోగం రాదు. దాని తరువాత మేఘాలలో పరికరాల ఆధారంగా నడిపేందుకు అర్హతనిచ్చే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, ఆపైన సాధారణంగా 250 గంటల అనుభవం కోరే కమర్షియల్ లైసెన్సు, ఆ తరువాత చాలామంది విషయంలో బోధకుడిగా పనిచేస్తూ గంటలు కూడబెట్టుకునే దశ వస్తాయి. 2009 ఫిబ్రవరి 12న న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో సమీపంలో కోల్గన్ ఎయిర్ విమానం కూలి యాభైమంది మరణించిన తరువాత, 2010లో అమెరికా కాంగ్రెసు చేసిన చట్టాన్ని అనుసరించి 2013లో నిబంధనలు మారాయి. అప్పటినుంచి ప్రయాణికుల విమాన సంస్థలలో సహపైలట్‌గా చేరడానికి సైతం సాధారణంగా 1,500 గంటల అనుభవం అవసరమైంది. విశ్వవిద్యాలయాల ప్రత్యేక కోర్సులు, సైనిక సేవ వంటి దారులలో వచ్చినవారికి దీనిలో కొంత సడలింపు ఉంది. పైలట్లు అరవై అయిదో ఏట ఆ విధుల నుంచి తప్పుకోవాలి కాబట్టి, నలభయ్యో ఏట తొలి పాఠం నేర్చుకునే వ్యక్తి తన ముందున్న సేవాకాలాన్ని లెక్కించేటప్పుడు ఈ గంటలు కూడబెట్టే సంవత్సరాలను కూడా అందులోంచి తీసివేసుకోవాలి.

ఈ లెక్క ఎవరినీ నిరుత్సాహపరచడానికి కాదు. ప్రైవేటు పైలట్ శిక్షణ కొత్త వృత్తిలోకి ప్రవేశం కల్పించకపోయినా, ఆ వృత్తి తనకు సరిపడుతుందో లేదో తేల్చిచెప్పే పరీక్షగా ఎంతో విలువైనది. అందువల్ల ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి శిక్షణకు వెళ్లడం కన్నా, ఉద్యోగంలో ఉండగానే భూమి మీద చేయదగిన పనులన్నీ ముగించుకొని, ఆరు నుంచి ఎనిమిది వారాల సెలవు తీసుకొని శిక్షణ పూర్తిచేసి, ఆ అనుభవం ఆధారంగా తుది నిర్ణయం తీసుకోవడం వివేకం.

భూమి మీది పనులలో మొదటిది పౌరసత్వానికీ వీసాకూ సంబంధించినది. 2001 సెప్టెంబరు 11 దాడుల అనంతరం అమెరికా ప్రభుత్వం విమాన శిక్షణ మీద భద్రతా పర్యవేక్షణను కట్టుదిట్టం చేసింది. అమెరికా పౌరులు పాస్‌పోర్టు వంటి ఆధారం చూపితే చాలును గాని, పౌరులు కానివారు, గ్రీన్ కార్డు ఉన్నవారు సైతం, రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏకు దరఖాస్తు చేసి, వేలిముద్రలు ఇచ్చి, అనుమతి పొందిన తరువాతనే ప్రైవేటు లైసెన్సు శిక్షణ మొదలుపెట్టాలి. ఉద్యోగ వీసా మీద ఉన్నవారు మరో సంగతి గమనించాలి. ఆ వీసా ఒక యజమానితో ముడిపడి ఉంటుంది కాబట్టి, నేర్చుకోవడం ఒక ఎత్తు అయితే, రేపు బోధకుడిగానో పైలట్‌గానో వేతనం తీసుకోవడం మరో ఎత్తు. దానికి వేరే అనుమతి కావాలి. వృత్తి మార్పే లక్ష్యమైనప్పుడు, తొలి పాఠానికి డబ్బు కట్టకముందే వలస చట్టాలు తెలిసిన న్యాయవాదిని సంప్రదించడం తప్పనిసరి.

రెండవది వైద్య పరీక్ష. ఎఫ్ఏఏ గుర్తించిన వైద్యులు ఇచ్చే ధ్రువపత్రాలలో మూడు తరగతులు ఉన్నాయి. ప్రైవేటు పైలట్‌కు మూడవ తరగతి పత్రం చాలు, విమాన సంస్థలో కెప్టెన్‌కు మొదటి తరగతి కావాలి. అవసరం మూడవ తరగతిదే అయినా, వృత్తి మార్పు కోరేవారు ఆరంభంలోనే మొదటి తరగతి పరీక్షకు హాజరు కావడం మంచిది. చూపు, వర్ణదృష్టి, వినికిడి, రక్తపోటు, గుండె పనితీరు, మానసిక ఆరోగ్య చరిత్ర వంటి అంశాలలో ఏదైనా అడ్డంకి ఉంటే, అది శ్రమా ధనమూ వెచ్చించిన తరువాత కాకుండా వెచ్చించకముందే బయటపడుతుంది. కళ్లజోడు ఉండటం అనర్హత కాదు. అద్దాలతో సరిదిద్దిన చూపు ప్రమాణానికి తగినట్లుంటే సరిపోతుంది. మధుమేహం, నిద్రలో శ్వాస ఆగే సమస్య, కుంగుబాటుకు వాడే మందులు వంటివి ఉన్నవారిలో కూడా చాలామందికి అదనపు పత్రాలు సమర్పించిన మీదట అనుమతి లభిస్తుంది గాని, ఆ ప్రక్రియకు నెలలు పట్టవచ్చు. అందువల్ల దరఖాస్తు నింపకముందే వైద్యుడితో సంప్రదింపుగా మాట్లాడి, కావలసిన నివేదికలు సిద్ధం చేసుకొని, ఆ తరువాత ఏ విషయమూ దాచకుండా దరఖాస్తు చేయాలి. దాచిన సంగతి తరువాత బయటపడితే లైసెన్సుతో పాటు వృత్తే పోతుంది.

మూడవది సిద్ధాంత పాఠం. గాలి ప్రవాహం రెక్కను ఎలా పైకెత్తుతుంది, వాతావరణ నివేదికలను ఎలా చదవాలి, గగనతలంలోని తరగతులు ఏమిటి, పటం మీద దారి ఎలా గీయాలి, విమానం బరువునూ ఆ బరువు కేంద్రాన్నీ ఎలా లెక్కించాలి అనే అంశాల మీద అరవై ప్రశ్నల రాతపరీక్ష ఉంటుంది. నూటికి డెబ్బై మార్కులు వస్తే ఉత్తీర్ణత, ఆ ఫలితం ఇరవై నాలుగు నెలలపాటు చెల్లుతుంది. ఈ గడువు ముమ్మర శిక్షణకు గొప్ప వెసులుబాటు. ఉద్యోగం చేస్తూనే సాయంత్రాలలో మూడు నాలుగు నెలలు చదివి, పరీక్ష నెగ్గి, ఆ తరువాతనే శిక్షణ కేంద్రానికి వెళ్లినవారికి అక్కడ పగలంతా విమానానికే దక్కుతుంది. పాఠ్యాంశాలు తెలియకుండా వెళ్లినవారు, ఇంటి వద్ద నేర్చుకోదగిన విషయాలను గంటల లెక్కన రుసుము చెల్లించి బోధకుడి నోట వినవలసివస్తుంది.

ఇదే కాలంలో రేడియో సంభాషణను కూడా సాధన చేయవచ్చు. పైలట్లకూ విమాన నియంత్రణ కేంద్రానికీ మధ్య జరిగే మాటలు పొట్టిగా, వేగంగా, నియమిత పదాలతో సాగుతాయి. ఇంగ్లీషులో ఎంత ప్రావీణ్యం ఉన్నవారికైనా ఈ భాష మొదట చెవికి పట్టదు. ఆ సంభాషణలను ఇంటర్నెట్‌లో రోజూ అరగంట విని, నియంత్రకుడి సూచనను తిరిగి పలకడం అలవాటు చేసుకుంటే, విమానంలో కూర్చున్న రోజున మనసులో సగభాగం మాటల కోసం ఖర్చు కాకుండా ఉంటుంది.

ఇక కాలం లెక్క. ఎఫ్ఏఏ నిబంధనలలో పార్ట్ 61 అనే విభాగం కింద శిక్షణ పొందేవారికి కనీసం 40 గంటల విహారం అవసరం. అందులో కనీసం 20 గంటలు బోధకుడితో, 10 గంటలు ఒంటరిగా సాగాలి. ఆమోదం పొందిన పాఠ్యక్రమాన్ని కచ్చితంగా పాటించే పార్ట్ 141 పాఠశాలలలో కనీసం 35 గంటలు చాలు. అయితే ఇవి చట్టం గీసిన కనిష్ఠ రేఖలు మాత్రమే. ఆచరణలో చాలామందికి అరవై గంటలు దాటుతాయి. కనుక 65 గంటలు పడుతుందని అనుకొని ప్రణాళిక వేయడం క్షేమం. ఒక్కో విహారం సగటున ఒక గంటా ఇరవై అయిదు నిమిషాలు సాగుతుందనుకుంటే, 65 గంటలకు దాదాపు 46 విహారాలు కావాలి. వారానికి ఆరు రోజులు, రోజుకు రెండు విడతల చొప్పున ఎనిమిది వారాలకు విమానాన్ని కేటాయించుకుంటే 96 విడతలు లభిస్తాయి. వాతావరణం, విమానం మరమ్మతు, బోధకుడి అస్వస్థత, అభ్యాసకుడి అలసట కలిసి అందులో సగం హరించినా పని పూర్తవుతుంది. రెండు మూడు వారాలలోనే లైసెన్సు ఇప్పిస్తామనే ప్రకటనలను ఈ లెక్కతో సరిచూసుకోవాలి. అవి ఏ ఆటంకమూ రాదన్న ఊహ మీద ఆధారపడి ఉంటాయి, ఆటంకం లేని నెల మాత్రం విమాన శిక్షణలో చాలా అరుదు.

ఆటంకాలలో మొదటిది వాతావరణం. అభ్యాసకుడు కంటితో చూసి నడిపే నియమాల కింద ఎగురుతాడు, అంటే మేఘాలకు నిర్ణీత దూరంలో, తగినంత కంటిచూపు మేర ఉన్నప్పుడే విమానం బయలుదేరుతుంది. కాబట్టి ఎక్కడ నేర్చుకోవాలన్న ప్రశ్నతోపాటు ఏ నెలలో నేర్చుకోవాలన్నదీ తేల్చుకోవాలి. ఫ్లోరిడాలో వేసవి మధ్యాహ్నాలు ఉరుములతో కూడిన వర్షాలకు పేరుపొందాయి; కాలిఫోర్నియా తీరంలో వేసవి ఉదయాలు సముద్రం మీద నుంచి వచ్చే తక్కువ ఎత్తు మేఘాలతో కప్పబడి ఉంటాయి; ఈశాన్య, మధ్య పశ్చిమ రాష్ట్రాలలో శీతకాలపు మంచు, తక్కువ పగలు రోజులను మింగేస్తాయి. అరిజోనాలో ఏడాదిలో అధిక భాగం ఆకాశం నిర్మలంగా ఉంటుంది గాని, వేసవిలో అక్కడి ఎండ మరో ఇబ్బంది తెస్తుంది. వేడెక్కిన గాలి పలచబడి, విమానం తాను ఉన్న ఎత్తు కంటె చాలా ఎత్తున ఉన్నట్లు ప్రవర్తిస్తుంది. దీనినే సాంద్రతాపరమైన ఎత్తు, డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు. రెక్కకు లేపే శక్తి, ఇంజనుకు బలం రెండూ తగ్గి, నేల విడవడానికి రన్‌వే మీద ఎక్కువ దూరం పరుగు కావలసివస్తుంది. అరిజోనాకు అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు, ఫ్లోరిడాకు నవంబరు నుంచి ఏప్రిల్ వరకు అనుకూలమైన కాలం అని స్థూలంగా చెప్పవచ్చు.

పాఠశాలను ఎంచుకునేటప్పుడు రుసుము కన్నా ముందు అడగవలసిన ప్రశ్నలు మూడు. ఒకే నమూనా విమానాలు ఎన్ని ఉన్నాయన్నది మొదటిది. శిక్షణకు విస్తృతంగా వాడే సెస్నా 172 వంటి విమానాన్ని కిరాయి శిక్షణలో ప్రతి 100 గంటలకు ఒకసారి తప్పనిసరిగా తనిఖీ చేయాలి; ఒక్కటే విమానం ఉన్నచోట ఆ రోజులలో చదువు నిలిచిపోతుంది. బోధకుడు చివరిదాకా ఉంటాడా అన్నది రెండవది. బోధకులలో చాలామంది తామే 1,500 గంటల కోసం కృషి చేస్తున్నవారు కాబట్టి, మధ్యలో విమాన సంస్థ నుంచి పిలుపు వస్తే వెళ్లిపోతారు. అలాంటప్పుడు బదులుగా ఎవరు వస్తారో ముందే తెలిసి ఉండాలి. తుది పరీక్షకు తేదీ ఎలా దొరుకుతుందన్నది మూడవది. ఆ పరీక్షను ఎఫ్ఏఏ నియమించిన పరీక్షకులు నిర్వహిస్తారు. వారి సంఖ్య పరిమితం కాబట్టి అనేక ప్రాంతాలలో వారాల తరబడి వేచి ఉండవలసివస్తుంది. శిక్షణ ముగిసిన తరువాత తేదీ వెతకడం కన్నా, శిక్షణ మొదలుకాకముందే తేదీ ఖాయం చేసుకొని, ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కించి ప్రణాళిక వేసుకోవాలి.

శిక్షణ నాలుగు దశలుగా సాగుతుంది. తొలి దశలో విమానాన్ని తిన్నగా, సమతలంగా నడపడం, మలుపులు, ఎక్కడం, దిగడం, నెమ్మదిగా ఎగరడం నేర్పుతారు. స్టాల్ అనే స్థితిని గుర్తించి బయటపడటం కూడా ఈ దశలోనిదే. స్టాల్ అంటే ఇంజను ఆగిపోవడం అని చాలామంది అపోహపడతారు. ఎదురుగాలితో రెక్క చేసే కోణం ఒక హద్దు దాటినప్పుడు, రెక్క మీద గాలి ప్రవాహం చెదిరి, లేపే శక్తి ఒక్కసారిగా పడిపోయే స్థితి అది. విమానం ముక్కును కిందికి దించి కోణాన్ని తగ్గించడమే దానికి విరుగుడు. ఆ తరువాత రన్‌వే చుట్టూ దీర్ఘచతురస్రంలా తిరుగుతూ పదేపదే ఎగరడం, దిగడం సాధన చేస్తారు. చాలామంది ప్రగతి ఆగినట్లు అనిపించేది ఇక్కడే. నేలకు కొన్ని అడుగుల ఎత్తున వేగాన్ని మెల్లగా హరించి చక్రాలను నేలకు తాకించే ఆ క్షణంలో చేయి, కన్ను, నిర్ణయం ఒకటి కావాలి; అది అందరికీ ఒకే గంటలో పట్టుబడదు. ప్రణాళికలో ఈ దశకు కొన్ని గంటలు అదనంగా కేటాయించుకున్నవారు ఇక్కడ బెంబేలెత్తరు.

రెండవ దశ ఒంటరి విహారం. అభ్యాసక పైలట్ ధ్రువపత్రం, వైద్య పత్రం, ఆ విమానం మీదా ఆ విమానాశ్రయం మీదా ఒక రాతపరీక్ష, బోధకుడి లిఖితపూర్వక అనుమతి ఉన్నప్పుడే అభ్యాసకుడు ఒక్కడే విమానం తీసుకువెళ్లగలడు. మూడవ దశలో దూర ప్రయాణాలు వస్తాయి. వాటిలో ఒకటి కనీసం 150 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 278 కిలోమీటర్లు, మూడు చోట్ల దిగుతూ ఒంటరిగా చేయాలి. హైదరాబాదు నుంచి విజయవాడకు ఉన్న రోడ్డు దూరానికి ఇది ఇంచుమించు సమానం. రాత్రివేళ మూడు గంటల శిక్షణ, పది సార్లు దిగడం, కిటికీలోంచి బయటకు చూడకుండా పరికరాల ఆధారంగానే మూడు గంటలు నడపడం కూడా ఈ కాలంలోనే పూర్తికావాలి. నాలుగవ దశ తుది పరీక్షకు సన్నాహం. ఆ పరీక్షలో మొదట మౌఖికం, తరువాత విహారం ఉంటాయి. పాఠం అప్పగించడం కన్నా, ఇచ్చిన పరిస్థితిలో బయలుదేరాలా ఆగాలా అన్న విచక్షణను పరీక్షకుడు ఎక్కువగా చూస్తాడు.

ముమ్మర శిక్షణకు ఉన్న బలం, నిన్న నేర్చినది మరచిపోకముందే ఈరోజు దాని మీద మరో పాఠం చేరడం. వారానికి ఒక్కసారి ఎగిరేవారు ప్రతి పాఠంలో కొంత భాగాన్ని పాతది గుర్తుచేసుకోవడానికే వెచ్చిస్తారు. ముమ్మర శిక్షణకు ఉన్న బలహీనత అలసట. రోజుకు రెండు విహారాలకు మించి పెట్టుకుంటే మూడవదానిలో చేసిన తప్పులే అలవాట్లుగా స్థిరపడే ప్రమాదం ఉంది. నిద్ర తగ్గకూడదు, వారానికి ఒక రోజు పూర్తి విశ్రాంతి ఉండాలి, ఆ వారాలలో ఆఫీసు పనిని ఫోనులో సైతం ముట్టకూడదు. విహారం లేని సాయంత్రాన కుర్చీలో కూర్చొని, కళ్లు మూసుకొని, మరుసటి రోజు పాఠంలోని ప్రతి చర్యనూ వరుసగా చేతులతో చేస్తూ నోటితో పలకడం ఖర్చు లేని గొప్ప సాధన. నలభై ఏళ్ల వ్యక్తికి ఇరవై ఏళ్ల యువకుడి కన్నా చేతి నేర్పు కొంత ఆలస్యంగా రావచ్చు గాని, ముందస్తు తయారీ, క్రమశిక్షణ, తన హద్దులను గుర్తెరగడం అనే గుణాలు పాత వృత్తి నుంచి అతనితో వస్తాయి. విమానయానంలో ఈ మూడింటి విలువ చాలా ఎక్కువ.

ధనం విషయంలో రెండు జాగ్రత్తలు చాలు. ప్రకటనలలోని మొత్తం సాధారణంగా 40 గంటల మీద లెక్కించినది కాబట్టి, గంటకు విమానం అద్దెనూ బోధకుడి రుసుమునూ విడివిడిగా తెలుసుకొని, 65 గంటలకు సొంతంగా లెక్క వేసుకొని, దానికి వసతి, వైద్య పరీక్ష, పరీక్షకుడి రుసుము, బీమా, ఆ వారాలలో రాని జీతం కలుపుకోవాలి. ఆ మొత్తం సిద్ధంగా ఉన్న తరువాతనే మొదలుపెట్టాలి; డబ్బు అయిపోయి మధ్యలో ఆగిన శిక్షణ అన్నిటికన్నా ఖరీదైనది. అలాగే రుసుమంతా ముందుగా ఒకేసారి చెల్లించకుండా, సాగిన విహారాలకు ఎప్పటికప్పుడు చెల్లించే ఏర్పాటు ఉన్నచోటును ఎంచుకోవాలి. పాఠశాల మూతపడితే ముందు కట్టిన సొమ్ము తిరిగి రావడం కష్టం.

స్వదేశానికి తిరిగివచ్చి ఇక్కడి విమాన సంస్థలలో పనిచేయాలనుకునేవారు లెక్కను మరోలా వేసుకోవాలి. భారతదేశంలో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, కమర్షియల్ లైసెన్సుకు 200 గంటల అనుభవం కోరుతుంది. విదేశంలో పొందిన లైసెన్సును ఇక్కడిదిగా మార్చుకోవడానికి డీజీసీఏ పరీక్షలు, వైద్య పరీక్షలు వేరుగా నెగ్గాలి. ఇక్కడి నిబంధనలలో చదువు అర్హతగా ఇంటర్మీడియట్ స్థాయి భౌతికశాస్త్రం, గణితం ఉన్నందున, ఆ చదువు లేనివారు ఆ లోటు ఎలా పూడ్చుకోవాలో ముందే ఆలోచించాలి.

ఈ సన్నాహాలన్నీ చేసుకొని వెళ్లినవారికి శిక్షణ చివరి వారంలో ఒక స్పష్టమైన సమాధానం దొరుకుతుంది. వాతావరణ నివేదిక చదవడం, ప్రతిసారీ అదే తనిఖీ పట్టికను మొదటిసారి చూస్తున్నంత శ్రద్ధతో చూడటం, ఆకాశం అనుకూలించనప్పుడు ఎంత దూరం వచ్చినా ప్రయాణం మానుకోవడం అనే నిత్యకృత్యాలు తనకు ఇష్టమైనవో కావో అప్పటికి తెలిసిపోతుంది. పైలట్ వృత్తిలో రోజులు గడిచేది వీటితోనే. అవి నచ్చినవారు ధైర్యంగా తరువాతి మెట్టుకు వెళ్లవచ్చు. నచ్చనివారు ఉద్యోగానికి తిరిగి వెళ్లి, సెలవు దినాలలో కుటుంబాన్ని ఎక్కించుకొని ఎగరగల అర్హతను జీవితాంతం అనుభవించవచ్చు. ఈ రెండింటిలో ఏది జరిగినా శ్రమ వృథా కాదు. నిర్ణయానికి ముందు పరీక్ష, పరీక్షకు ముందు సన్నాహం అనే వరుస తప్పకుండా నడుచుకున్నవారికి, నడివయసులో చేసే వృత్తి మార్పు దుస్సాహసం కాబోదు, బాధ్యతతో వేసిన అడుగు అవుతుంది.